మాస్టారూ, ఆ జపాను బొమ్మ హాల్లో పెట్టొచ్చా?

పోయిన నెల ఎవరికో జవాబు రాస్తూ జపాను అచ్చుబొమ్మల గురించి ఒక ముక్క అన్నాను. అంతే, ఈ నెల ఉత్తరాల్లో సగం వాటి మీదే. ఆన్‌లైన్‌లో ఇప్పుడు చవగ్గా దొరుకుతున్నాయట, కొత్త ఇళ్ళ గృహప్రవేశాలకి కూడా అవే ఇస్తున్నారట. రాగి చెంబుల రోజులు పోయాయన్నమాట. సరే, ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మా అబ్బాయి బెంగళూరు నుంచి కొత్తింటికి ఒక పెయింటింగు పంపాడు. జపాను ఆవిడ, తల నిండా పిన్నులు, నడుముకి ముందు వైపు పెద్ద ముడి. ముచ్చటగా ఉందని హాల్లో తగిలించాం. వెనకాల అతికించిన కాగితం మా మేనకోడలు చదివి "అత్తా, ఇది వేశ్య బొమ్మట" అంది. ఆ రోజు నుంచి మా అత్తగారు హాల్లో కూర్చోవడం మానేశారు, భోజనం కూడా గదిలోకే తెమ్మంటున్నారు. తీసెయ్యమంటారా? — ఒక గృహిణి, కంటోన్మెంట్, విజయనగరం

అమ్మా, ముందు వైపు ముడి అని మీరు రాశారు కాబట్టి ఆ కాగితంలో ఉన్నది నిజమే అయ్యుంటుంది. కిమోనో మీద నడుముకి చుట్టే వెడల్పాటి పట్టీని ఒబి అంటారు. ఎడో కాలం (ఇప్పటి టోక్యో పాత పేరు ఎడో) బొమ్మల్లో గెయిషాలు దాన్ని వీపు మీద ముడేసుకుంటారు. ముడి ముందుకి వచ్చి, తలలో రెండు మూడు దువ్వెనలూ వాటి చుట్టూ పొడవాటి పిన్నులూ ఉంటే ఆవిడ ఒయిరాన్, అంటే పై తరగతి వేశ్య. గెయిషా పని పాట, ఆట, షామిసెన్ అనే తీగల వాయిద్యం వాయించడం. మనవాళ్ళు ఇద్దర్నీ ఒకటే చేసేస్తారు.

ఈ పొరపాటు తిరగేసి కూడా జరుగుతుంది. కితగావా ఉతమారో 1793 ప్రాంతంలో వేసిన ముగ్గురు అందగత్తెల బొమ్మ ఒకటుంది, బాగా పేరున్నది. దాన్ని చాలా చోట్ల 'వేశ్యలు' అని రాసి అమ్ముతారు. ఆ ముగ్గురిలో ఒకామె గెయిషా, ఒకామె అసకుసా గుడి దగ్గర టీ కొట్లో టీ అందించే పిల్ల, మూడో ఆమె రియోగొకులో బియ్యప్పిండి బిస్కెట్లు అమ్మేవాళ్ళ అమ్మాయి. టీ ఇచ్చిన పాపానికి రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ పిల్లకి ఈ పేరు.

ఇక మీ బొమ్మలో ఆవిడ సంగతి. ఎడోలో ఈ వృత్తి కోసం సర్కారే 1617లో ఒక పేటకి అనుమతిచ్చింది, దాని పేరు యొషివారా. 1657లో ఊరంతా తగలబడ్డాక అసకుసా అవతల పొలాల్లోకి మార్చారు. చుట్టూ కందకం, రాకపోకలకి ఒక్కటే పెద్ద గేటు. పల్లెల్లో గడవని కుటుంబాలు ఆడపిల్లల్ని చిన్నతనంలోనే అక్కడికి అమ్మేసేవి. పిల్లకి కట్టిన డబ్బు పిల్ల మీదే అప్పు, ఆ అప్పు తీరేదాకా గేటు దాటడానికి లేదు. పై తరగతికి వెళ్ళిన కొద్దీ పట్టుబట్టలు, పరుపులు, వెంట తిరిగే చిన్నపిల్లల తిండీ బట్టా అన్నీ ఆవిడ లెక్కలోనే రాసేవారు. మీ గోడ మీద అంత అందంగా మెరుస్తున్న ఆ బట్టలు కూడా ఆవిడ అప్పులో భాగమేనమ్మా. చచ్చిపోయాక దిక్కులేని వాళ్ళని దగ్గర్లోని జొకాన్‌జి అనే గుడికి తెచ్చి పడేసేవారు. అలా అక్కడ మట్టిలో కలిసినవాళ్ళు దాదాపు 25,000 మంది అని చెబుతారు, ఆ గుడికి జనం పెట్టుకున్న పేరే 'పారేసే గుడి'.

ఇదంతా చదివితే మీ అత్తగారికి ఇంకా కోపం వస్తుందో, జాలి వేస్తుందో నేను చెప్పలేను. కానీ ఒకసారి కూర్చోబెట్టి చెప్పి చూడండి. మనది మధురవాణి ఊరు. 1892లో కన్యాశుల్కం నాటకం మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే. గిరీశాన్నీ రామప్పంతుల్నీ చూసి నవ్వుకున్న జనం మధురవాణిని మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. అలాంటి ఊళ్ళో జపానావిడకి ఒక మేకు దొరకదా? నేనైతే తియ్యను. పూజగది గుమ్మానికి ఎదురుగా ఉంటే మాత్రం మీ గదిలోకి మార్చుకోండి, దాని కోసం పెద్దావిడతో పంతం వద్దు.

ప్రశ్న: సార్, ఒక సైట్‌లో 'వంద శాతం చేత్తో వేసిన ఒరిజినల్ ఉతమారో' అని 24 అంగుళాలు, 36 అంగుళాల కాన్వాసు 6,500 రూపాయలకి పెట్టారు. ఒరిజినల్ అంత చవకా? మా ఫ్రెండ్స్ అందరూ కొనెయ్యమంటున్నారు. — డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

బాబూ, ఉతమారో 1806లో పోయాడు. ఆయన ఆ బొమ్మల్ని కాన్వాసు మీద వెయ్యలేదు, అంత సైజులో వెయ్యలేదు, అసలు ఇప్పుడు నువ్వు చూస్తున్న రంగులు ఆయన చేత్తో పూసినవి కావు. ఒక్క వాక్యంలో ఇన్ని తప్పులు ఇమిడించడం కూడా ఒక కళే.

జరిగేది ఇలా. చిత్రకారుడు పల్చటి కాగితం మీద నల్లగీతల్లో బొమ్మ గీసి ఇస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లా తిప్పి చెర్రీ చెక్క మీద అంటించి, గీతలు మాత్రం నిలబడేట్టు మిగతాదంతా తీసేస్తాడు. అంటే ఆయన గీసిన కాగితం ఆ చెక్కడంలోనే నాశనమైపోతుంది. తర్వాత ఒక్కో రంగుకి ఒక్కో చెక్క. అచ్చువేసేవాడు చెక్కకి రంగు పూసి, తడి కాగితం పరిచి, వెనక నుంచి బారెన్ అనే గుండ్రటి బిళ్ళతో రుద్దుతాడు. ఇలా పూర్తి రంగుల అచ్చు 1765లో సుజుకి హరునొబు అనే చిత్రకారుడితో మొదలైంది. గీసేవాడు, చెక్కేవాడు, అచ్చువేసేవాడు, ఈ ముగ్గురి పైన పెట్టుబడి పెట్టేవాడు పబ్లిషరు. ఉతమారోకి ఆ పబ్లిషరు త్సుతాయా జూజబురో, యొషివారా గేటు దగ్గర దుకాణం పెట్టుకుని పేట గైడు పుస్తకాలు అమ్మిన మనిషి. బొమ్మ మీద అందులో ఉన్న వేశ్య పేరు, ఆవిడ ఉండే ఇంటి పేరు వేసేవారు. కాబట్టి ఇవి ఒక రకంగా పోస్టర్లు. వందల్లో, ఒక్కోసారి వేలల్లో తీసి అమ్మేవారు, ఒకటి కొనడానికి సుమారు గిన్నెడు నూడుల్స్‌కి పెట్టేంత డబ్బు చాలేది.

మరి దీంట్లో ఒరిజినల్ అంటే ఏది? అప్పటి చెక్కల నుంచి అప్పుడు తీసిన అచ్చు. అది ఓబాన్ అనే సైజు, సుమారు 39 సెంటీమీటర్లు, 26 సెంటీమీటర్లు. ఒళ్ళో పెట్టుకుని చూసేది. నువ్వు చెప్పిన కాన్వాసు దానికి నిలువులో రెండింతలు దాటింది. చిన్న కాగితం మీద ప్రాణం పోసుకున్న ఖాళీ అంత పెద్ద గుడ్డ మీద ఉత్త ఖాళీగానే మిగులుతుంది. పైగా నుదుటి దగ్గర వెంట్రుకలు చూడు, మిల్లీమీటరులో చిన్న వంతు గీతలు, ఆ తలభాగం చెక్కడానికి వేరే చెయ్యి తిరిగిన పనివాడు ఉండేవాడు. బొమ్మ వెనక ఖాళీ మీద అభ్రకం పొడి చల్లి వెండిలా మెరిపించేవారు. కాన్వాసు కాపీల్లో దాన్ని బూడిద రంగు పూసి వదిలేస్తారు.

రంగుల విషయంలో ఇంకో తమాషా ఉంది. అప్పటి గులాబీ ఎరుపు కుసుమ పువ్వు నుంచి తీసేవారు, అవును, మనం నూనె తీసే కుసుమే. నీలం ఒక చిన్న గడ్డిపువ్వు నుంచి. రెండూ వెలుతురు తగిలితే నిలవవు. కాబట్టి ఇవాళ మ్యూజియం ఫొటోల్లో కనిపించే ఆ తేనెరంగు, ఆ గోధుమరంగు చాలావరకు రెండు వందల ఏళ్ళ ఎండ. బోస్టన్ మ్యూజియంకి 1921లో స్పాల్డింగ్ సోదరులు ఆరు వేలకి పైగా అచ్చులు ఇస్తూ ఎప్పుడూ ప్రదర్శనకి పెట్టకూడదని షరతు పెట్టారు. అవి చూస్తే ఊదా, గులాబీ రంగులు నిన్న వేసినట్టున్నాయి. కాపీ వేసేవాళ్ళు మాత్రం వెలిసిపోయిన ఫొటో ముందు పెట్టుకుని ఆ వెలిసిపోవడాన్నే శ్రద్ధగా కాపీ చేస్తారు.

నీకు చేత్తో వేసినదే కావాలంటే దారి ఉంది. అచ్చుతో పని లేకుండా కుంచెతోనే పట్టు మీద, కాగితం మీద వేసిన బొమ్మలు జపానులో ఉన్నాయి, నికుహిత్సు అంటారు. మొరొనొబు వేసిన వెనక్కి తిరిగి చూసే అందగత్తె అలాంటిదే. కైగెత్సుదో అండో 18వ శతాబ్దం మొదట్లో వేసిన వేశ్యలయితే గోడకి వేలాడదీసే పొడవాటి స్క్రోళ్ళ మీద నిలబడి ఉంటారు, లావు గీత, పెద్ద పెద్ద డిజైన్ల బట్టలు. పెద్ద సైజులో కుంచెతో కాపీ చేస్తే అవి బాగుంటాయి, ఎందుకంటే అవి పుట్టిందే అలాగ. ఆ 6,500 పెట్టాలనుకుంటే అలాంటిది వెతుక్కో. 'ఒరిజినల్' అన్న మాటకి మాత్రం పైసా ఇవ్వకు.

ప్రశ్న: చేత్తో వేశారో, మిషన్ మీద ప్రింటు కొట్టారో ఇంట్లో ఎలా తెలుసుకోవాలి? — ప్రభుత్వోద్యోగి, పార్వతీపురం

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసిన విద్య. కొన్నేళ్ళ కిందట విశాఖపట్నంలో ఒక ఎగ్జిబిషన్‌లో 3,500 పెట్టి ఒక ఒయిరాన్‌ని కొన్నాను. వేలితో తడిమితే గరుకుగా రంగు తగిలింది, ఇంకేం కావాలి అనుకున్నాను, నలభై ఏళ్ళు డ్రాయింగు చెప్పినవాణ్ణి కదా మరి. ఇంటికి తెచ్చాక గంటస్తంభం దగ్గర వాచీలు బాగుచేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి చూశాను. ముఖం నిండా చుక్కలు. సన్నటి ఇంకు చుక్కలు, దోసె మీద కారప్పొడిలా. ప్రింటు కొట్టి, దాని మీద పారదర్శకంగా ఉండే జెల్ కుంచెతో పూశారు. వాచీల ఆయన ఏమీ అనలేదు గానీ టీ మాత్రం తెప్పించాడు.

కాబట్టి భూతద్దం. కుంచె గాట్లు బొమ్మ గీతల వెంట వెళ్తున్నాయా, అడ్డదిడ్డంగా పోతున్నాయా చూడండి. జుట్టు గీత ఒకవైపు, రంగు గట్టు ఇంకోవైపు పోతుంటే అనుమానించండి. కాన్వాసు అంచు మడిచిన చోట రంగు కత్తిరించినట్టు సూటిగా ఆగిపోతే ప్రింటు కావచ్చు. ఒకే షాపులో అదే బొమ్మ నాలుగుంటే పక్కపక్కన పెట్టించండి, చెయ్యి ఎంత తిరిగినదైనా కనుబొమ్మ నాలుగుసార్లు ఒకేలా రాదు. పొందూరు ఖద్దరు పేరు చెప్పి మిల్లు గుడ్డ అంటగడితే పట్టేసే జనం మనం, ఇది ఎంత.

ప్రశ్న: అన్నా, నేను ముప్పై ఏళ్ళు సినిమా బ్యానర్లు, షాపుల బోర్డులు రాసినోణ్ణి. ఫ్లెక్సీలొచ్చాక పని పోయింది. ఇప్పుడో ఏజెంటు ఈ జపాను ఆడోళ్ళ బొమ్మలు ఫోన్లో పంపి కాపీ చెయ్యమంటున్నాడు, ఒక్కోదానికి 800. బాగానే వస్తున్నాయి. కానీ ఏటంటే, ఆ పక్కన జపాను రాత, ఎర్ర ముద్ర అలాగే దించి, టీ నీళ్ళు పూసి పాతదిలా చెయ్యమంటున్నాడు. కాపీ కొట్టడమే తప్పు అని మా అబ్బాయి అంటున్నాడు. ఏటి చెయ్యమంటావు? — ఒక ఆర్టిస్టు, ఆమదాలవలస

తమ్ముడూ, నీ ఉత్తరం చదివి ఆ రోజు ఇంకో జవాబు రాయలేకపోయాను. ఈ బొమ్మలు కూడా పోస్టర్లే అని పైన ఆ కుర్రాడికి రాశాను చూశావా. పోస్టర్లు వేసిన చేతికే ఇవి చేరడం నాకు భలేగా అనిపించింది.

ముందు మీ అబ్బాయి మాట. కాపీ తప్పు కాదు. మన చట్టంలో కాపీరైటు చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళు. ఉతమారో, ఐసెన్ లాంటి పాత చిత్రకారులు ఎప్పుడో దాటిపోయారు. 20వ శతాబ్దం వాళ్ళతోనే జాగ్రత్త, ఇతో షిన్సుయి 1972లో పోయాడు, ఆయన అందగత్తెల జోలికి 2032 చివరిదాకా వెళ్ళకు. ఏజెంటు పంపే ఫొటోలో అవి కూడా కలిసే ఉంటాయి, అడిగి తెలుసుకో.

వాన్ గో పేరు వినే ఉంటావు. 1886లో పారిస్‌లో ఒక పత్రిక అట్ట మీద కెయిసాయ్ ఐసెన్ వేసిన ఒయిరాన్ బొమ్మ వచ్చింది. మరుసటేడు వాన్ గో దాని మీద పల్చటి కాగితం పెట్టి దించుకుని, గళ్ళు కొట్టి, పెద్ద కాన్వాసు మీదకి ఎక్కించాడు. గళ్ళు కొట్టి! నువ్వు హీరో మొహాన్ని ఇరవై అడుగులకి పెంచిన పద్ధతే. చుట్టూ చెరువు, వెదుళ్ళు, కప్పలు, కొంగలు చేర్చాడు, ఫ్రెంచి వీధిభాషలో కప్ప అన్నా కొంగ అన్నా వేశ్యే కాబట్టి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ బొమ్మ ముందు ఇప్పుడు జనం వరసలో నిలబడతారు. ఎవరూ దాన్ని దొంగబొమ్మ అనలేదు, ఎందుకంటే ఆయన దాన్ని పాత జపాను బొమ్మ అని అమ్మజూపలేదు.

టీ నీళ్ళ దగ్గరే తేడా వస్తుంది. కొత్త బొమ్మకి పాత వయసు పూసి, ఉతమారో సంతకం, పబ్లిషరు ముద్ర దించితే అది మోసానికి సరంజామా. ఏజెంటు అమ్మి పోతాడు, రేపు ఎవరైనా పట్టుకుంటే వేసిన చెయ్యి నీది. సంతకం ఉండే నిలువు జాగా ఖాళీగా వదిలెయ్యి, లేదా అక్కడ నీ పేరు తెలుగులో రాయి. బోర్డులు రాసినవాడివి, ఆ నిలువు జాగాలో నీ అక్షరం ఎంత అందంగా కూర్చుంటుందో నాకంటే నీకే తెలుసు. వెనక 'ఉతమారో బొమ్మకి చేతి నకలు' అని, ఏడాది, నీ సంతకం తప్పకుండా ఉండాలి. ఏజెంటు ఒప్పుకోకపోతే ఆ ఒక్కడితోనే లోకం ఆగిపోలేదు. ఇంకోటి, 800 చాలా తక్కువ. అలాంటి బొమ్మే ఆరువేల అయిదొందలకి అమ్ముతున్నారని శ్రీకాకుళం కుర్రాడి ఉత్తరంలో చూశావు కదా. రెండు వేలకి తగ్గకు.

పని విషయంలో నాలుగు మాటలు. నీకు లెటరింగులో కుంచె ఎత్తకుండా గీత లాగే అలవాటుంది, ఇక్కడ సగం పని అదే. ముక్కు గీత ఒక్క ఊపులో రావాలి, రెండోసారి దిద్దితే చచ్చిపోతుంది. బట్టల గీత లావు, ముఖం గీత సన్నం. జీరో నంబరు లైనర్ కుంచె తీసుకో. జుట్టు మొదలయ్యే చోట ముందు పాత పేపర్ల మీద వంద గీతలు లాగి చెయ్యి వేడెక్కాకే బొమ్మ మీదకి వెళ్ళు. కాన్వాసు వదిలేసి మందపాటి చేతికాగితం మీద పోస్టర్ కలర్ పల్చగా కలిపి చూడు, నిగనిగ ఉండకూడదు.

అన్నిటికంటే కష్టం నీకు ఇదే అవుతుంది: ముఖం మీద షేడ్ వెయ్యకు. బ్యానర్ చెయ్యి కదా, బుగ్గ మీద గులాబీ, దవడ కింద నీలం వెయ్యకపోతే నిద్ర పట్టదు. ఆ అచ్చుల్లో చాలావాటిలో ఒంటిరంగు అనేదే లేదు, ముఖమంటే రంగు తగలని కాగితం. చుట్టూ నల్లటి జుట్టు, కింద చిన్న ఎర్రటి పెదవి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని ముట్టుకోకుండా వదిలెయ్యడానికి నీకు ఓ నెల పడుతుంది. పట్టనీ. మొదటిది కుదిరాక ఫొటో తీసి పత్రిక అడ్రసుకి పంపు, నాకు చేరుతుంది.

ప్రశ్న: వాళ్ళందరి ముఖాలూ ఒకేలా ఎందుకుంటాయి మాస్టారూ? నాకైతే అందరూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు. — ఇంటర్ విద్యార్థిని, బొబ్బిలి

నిజమే తల్లీ. అప్పటికి అందమంటే ఒక అచ్చు ఉండేది, కోలముఖం, సన్నటి కళ్ళు, చిటికెడు పెదవి. అసలు మనిషిని పోల్చుకోవడం బట్ట మీద ఇంటి గుర్తు చూసే. పైన చెప్పిన ముగ్గురిలో బిస్కెట్ల ఇంటి పిల్ల బట్టల మీద మూడు ఓక్ ఆకులుంటాయి. 1793లో సర్కారు వేశ్యలు కాని ఆడవాళ్ళ పేర్లు బొమ్మల మీద వెయ్యకూడదంది, ఉతమారో పేరు బదులు పొడుపుకథలా చిన్న చిన్న బొమ్మలు పెట్టి జనం చేతే పేరు పలికించాడు. అయినా నువ్వు ఆ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి ముక్కులు మాత్రం చూడు. ఒకరి ముక్కు కాస్త వంపు, ఒకరిది సూటి. మీ ఊరి పక్క గొల్లపల్లిలో వీణలు చేసే పెద్దాయన్ని అడుగు, అన్ని వీణలూ ఒకేలా ఉంటాయి కదా అని. ఆయన చూసే చూపుకి నీకు జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి దగ్గర. కాగితం బొమ్మ కొంటే బూజు పడుతుందా? — కళింగపట్నం పాఠకుడు

పడుతుంది. అద్దానికి కాగితం అంటుకోకుండా మధ్యలో మౌంటు బోర్డు పెట్టించండి, ఫ్రేము వెనక నాలుగు మూలలా సీసా కార్కు ముక్కలు అంటించి గోడకి ఆననివ్వకండి, ఎండ పడే గోడ వద్దు. వానాకాలంలో రెండుసార్లు దించి వెనక్కి తిప్పి చూసుకోండి. గోడకి చెమ్మ వస్తుంటే మాత్రం బొమ్మ సంగతి తర్వాత, ముందు మేస్త్రీని పిలవండి.